రాగిరేకు మీద చెంప: రోబెర్ నాంతేయ్, 17వ శతాబ్దపు ఫ్రెంచి ఎన్‌గ్రేవింగ్‌లో ముఖచిత్రణ

భూతద్దం పెట్టి చూస్తే చెంప కనబడదు. రోబెర్ నాంతేయ్ చెక్కిన ఏ పోర్ట్రెయిట్‌నైనా తీసుకుని, ముఖంలో వెలుగు పడిన వైపు అద్దం ఆనించండి. నువ్వుగింజలో సగం లేని గాట్లు, గాట్ల మధ్య చుక్కలు, చుక్కల మధ్య ఏ సిరా తగలని కాగితం. కంటి కిందికి వచ్చేసరికి గాట్లు కాస్త పొడుగై వంపు తిరుగుతాయి. దవడ మలుపులో ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి నీడ కడతాయి. జుట్టులోకి వెళ్లగానే గాటు గీతవుతుంది, తల వెనక గోడ మీద ఆ గీతే రూళ్లకర్ర పెట్టి లాగినంత తిన్నగా బారులు తీరుతుంది. అద్దం పక్కన పెట్టేయగానే ఇవన్నీ కలిసిపోయి, ఎవరో మనల్ని చూస్తూ ఉంటారు.

బరోక్ కాలపు ఎన్‌గ్రేవింగ్ పోర్ట్రెయిట్ల మీద వచ్చిన రచనల్లో చర్చ ఎక్కువగా రెండు దారుల్లో నడిచింది. ఒకటి అధికారం: రాజు ముఖం కాగితం మీదికి ఎక్కి రాజ్యమంతా ఎలా తిరిగింది అన్నది. రెండోది నైపుణ్యం: పట్టు, వెల్వెట్, లేసు, ఉక్కు కవచం వంటివాటిని నల్లగీతలతోనే ఎలా చూపించగలిగారు అన్నది. రెండూ ముఖ్యమే. అయితే ఈ రెండు దారుల్లోనూ ముఖం పక్కకు జరిగిపోతుందని నాకనిపిస్తుంది. పట్టుబట్ట ఎలా మెరుస్తుందో చెప్పడానికి గీత ఎక్కడిదాకా వెళ్లాలో తెలిస్తే చాలు. ముఖానికి గీత ఎక్కడ ఆగాలో తెలియాలి. నాంతేయ్‌నీ, ఆయనకు ముందూ వెనకా ఉన్న నలుగురైదుగురినీ ఈ ఒక్క ప్రశ్నతో పక్కపక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసం పని.

ఉలి, తోలుదిండు, రేకు

ముందు పని ఎలా జరిగేదో చూడాలి. దీనికి మంచి ఆధారం ప్యారిస్ కళాకారుడు అబ్రహాం బోస్ 1645లో అచ్చువేసిన గ్రంథం. రాగిరేకు మీద బొమ్మ చెక్కడం, ఆమ్లంతో తొలిపించడం ఎలాగో పనివాడి భాషలో విడమరిచి చెప్పిన మొదటి పుస్తకంగా దానికి పేరు. రాగిని సుత్తితో సాగగొట్టి, గీకి, అద్దంలా మెరిసేదాకా నూరేవాళ్లు. చెక్కే పనిముట్టు పేరు బ్యూరిన్: నాలుగు పలకల ఉక్కు కడ్డీ, కొసను ఏటవాలుగా అరగదీసి పదును పెడతారు. దాని పిడి పుట్టగొడుగు ఆకారంలో ఉంటుంది. అడుగున ఒక పక్క చెక్కేసి ఉంటుంది, చెయ్యి రేకుకు దాదాపు ఆనేలా వాలడానికి. ఆ పిడిని అరచేతి గుంటలో పెట్టుకుని ముందుకు తోస్తే రాగి సన్నని దారంలా చుట్టుకుంటూ లేస్తుంది.

వంపుగీత కావాలంటే చెయ్యి తిప్పరు. రేకును ఇసుక నింపిన తోలుదిండు మీద పెట్టి, ఎడమచేత్తో రేకునే ఉలికి ఎదురు తిప్పుతారు. కుమ్మరి చక్రం మీద మట్టి తిరిగినట్టు ఇక్కడ బొమ్మే తిరుగుతుంది, ఉలి దాదాపు ఉన్నచోటే ఉంటుంది. లోతు పెరిగితే గీత లావెక్కుతుంది, ఒత్తిడి తగ్గిస్తే సన్నగిల్లుతుంది. గాడి అంచున లేచిన రాగి పొరను గీకుడు కత్తితో తీసేస్తారు. తప్పు పడితే ఆ చోటు గీకి, నునుపు చేసి, రేకు వెనకనుంచి సుత్తితో కొట్టి పల్లాన్ని పైకి తేవాలి. ఒక చుక్కను చెరపడానికి పూట పట్టే పని ఇది.

తర్వాత గాళ్లలోకి సిరా పట్టించి, పైన మిగిలింది గుడ్డతోనూ చివరికి అరచేత్తోనూ తుడిచేస్తారు. తడిపిన కాగితం పరిచి, రెండు రోలర్ల మధ్య నొక్కితే కాగితం గాళ్లలోకి దిగి సిరాను పీల్చుకుంటుంది. మంచి ప్రింటు మీద వేలికొస ఆనించి చూస్తే లోతైన గీత దగ్గర సిరా గట్టులా తగులుతుంది. బొమ్మ ఎడమా కుడీ తారుమారై పడుతుంది. పువ్వుకో గుడికో అయితే పరవాలేదు గాని, మనిషి ముఖం రెండు పక్కలా ఒకేలా ఉండదు. పాపిట, పుట్టుమచ్చ, కాస్త పైకి లేచే పెదవి కొస తిరగబడితే దగ్గరివాళ్లు పోల్చుకోవడానికి క్షణం ఆగుతారు. అందుకే పోర్ట్రెయిట్ చెక్కేవాడు చిత్రాన్ని తిరగేసుకుని రేకు మీదికి ఎక్కించాలి. పోలిక కోసం పడే పాటు చెక్కడానికి ముందే మొదలవుతుందన్నమాట.

రాగిరేకు, ఉలి అనగానే తెలుగు పాఠకుడికి తామ్రశాసనాలు గుర్తుకు రావడం సహజం. కృష్ణదేవరాయల తామ్రశాసనాల్లో శ్లోకాలు రచించిన సభాపతి పేరూ, వాటిని చెక్కిన మల్లణ కొడుకు వీరణాచార్యుడి పేరూ కనిపిస్తాయి. ప్యారిస్ ప్రింటు కింద కూడా అలాగే రెండు పేర్లుంటాయి: చిత్రించినవాడి పేరు పక్కన ‘పింక్సిట్’, చెక్కినవాడి పేరు పక్కన ‘స్కల్ప్‌సిట్’. పోలిక అక్కడితో సరి. శాసనంలో రేకే పత్రం, దానం పుచ్చుకున్నవాడు దాన్నే దాచుకుంటాడు. ఎన్‌గ్రేవింగ్‌లో రేకు మధ్యలో వచ్చే మజిలీ. కొనేవాడు దాన్ని కంటితో చూడను కూడా చూడడు. అరిగిపోతుందని తెలిసీ చెక్కే రేకు అది. ఈ అరుగుదల సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

గీత ఉబ్బడం, గీత ఆగడం

సన్నగా మొదలై మధ్యలో ఉబ్బి మళ్లీ సన్నగిల్లే గీతను దాని అవధిదాకా తీసుకెళ్లినవాడు హార్లెం నగరానికి చెందిన హెండ్రిక్ గోల్ట్‌జియస్ (1558–1617). కండల మీద, మేఘాల మీద ఆయన గీతలు అలల్లా సాగుతాయి. రెండు గీతల వరసలు ఏటవాలుగా కలిసినచోట ఏర్పడే డైమన్ గడి మధ్యలో ఒక చుక్క పెట్టడం కూడా ఆ తరం అలవాటే. తర్వాతి వందేళ్ల ఎన్‌గ్రేవర్లకు ఇదే వ్యాకరణం. ఇందులో ఒక చిక్కుంది. గీత అంత అందంగా సాగినప్పుడు చూపు గీత వెంటే పోతుంది, మనిషి మీద నిలవదు.

అటు ఆంట్‌వర్ప్‌లో చిత్రకారుడు వాన్ డైక్ మరో దారి చూపించాడు. 1630ల్లో ఆయన సమకాలీన ప్రముఖుల పోర్ట్రెయిట్ల వరస ఒకటి తలపెట్టాడు. రాకుమారులు, సేనానులు, పండితులతో పాటు చిత్రకారులకూ శిల్పులకూ అందులో సమానంగా చోటిచ్చాడు. దీన్నే ‘ఐకనోగ్రఫీ’ అంటారు. మార్టిన్ వాన్ డెన్ ఎండెన్ 80 రేకులు అచ్చువేయగా, వాన్ డైక్ చనిపోయాక 1645లో గిల్లిస్ హెండ్రిక్స్ 100 రేకుల సంపుటి తెచ్చాడు. చెక్కినవాళ్లు ఎక్కువగా లూకాస్ వోర్‌స్టర్‌మన్, పౌలస్ పాంటియస్ వంటి వృత్తి నిపుణులే. కొన్ని రేకులు మాత్రం వాన్ డైక్ తన చేత్తో ఎచింగ్ పద్ధతిలో, అంటే మైనం పూసిన రేకు మీద సూదితో గీసి ఆమ్లంలో ముంచే పద్ధతిలో చేశాడు.

వాటిలో ఆయన స్వీయచిత్రం ఒకటి. పెద్ద రేకు పైభాగాన ఒక్క తల మాత్రమే ఉంటుంది. జుట్టు, కళ్లు, మీసం, మెడ మలుపులో రెండు మూడు గీతలు, మిగతాదంతా ఖాళీ. రేకులో ముప్పాతిక భాగాన్ని అలా వదిలేసిన ధైర్యం చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యమేస్తుంది. 1645 సంపుటికి అదే రేకు కావాల్సివచ్చినప్పుడు జాకబ్ నీఫ్స్ అనే ఎన్‌గ్రేవర్ ఆ తల కింద భుజాలు, పీఠం చెక్కి, దాన్ని పాలరాతి ప్రతిమలా మార్చి ముఖపత్రంగా తయారుచేశాడు. పని శుభ్రంగానే ఉంది. తల మాత్రం హఠాత్తుగా చిన్నబోయింది. రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు, నింపడం వేరు పూర్తిచేయడం వేరు అని చెప్పనక్కర్లేదు.

ప్యారిస్‌లో క్లోద్ మెలాన్ (1598–1688) ఇంకో పట్టుదల పట్టాడు: గీత మీద గీత పడకూడదు. నీడ కావాలంటే అడ్డగీతలు వేయడు, ఉన్న గీతనే లావు చేస్తాడు. 1649లో చెక్కిన ‘వెరోనికా వస్త్రం’లో ఈ నియమం పరాకాష్ఠకు చేరింది. క్రీస్తు ముక్కు కొసన మొదలైన ఒకే ఒక గీత సుడి తిరుగుతూ, సన్నబడుతూ లావెక్కుతూ, కళ్లు, ముళ్లకిరీటం, నెత్తుటి చుక్కలు, గుడ్డ మడతలు అన్నిటినీ తానే చూపిస్తూ రేకు అంచులదాకా పోతుంది. రేకును దిండు మీద గిరగిరా తిప్పుతూ ఉలిని ఒకే తీరున నెట్టుకుపోయిన మనిషి చేతిని ఊహించుకోవాలి. ఇది గొప్ప విద్యే. అయితే ఇది పోర్ట్రెయిట్ కాదు. ఇందులో మనం చూసేది గీతనే, ముఖం ఆ గీతకు దొరికిన సందర్భం. మెలాన్ అంతకంటే మంచి పని మనుషుల ముఖాల మీదే చేశాడు. ప్రోవాన్స్ పండితుడు పెరెస్క్‌నీ, తత్త్వవేత్త గస్సెండినీ చెక్కినప్పుడు ఆయన గీత నిమ్మళంగా, మాట తక్కువ మనిషిలా ఉంటుంది. ఆ ఇద్దరి కోసమే టెలిస్కోపులో చూసి చంద్రబింబాన్ని కూడా రాగి మీద చెక్కాడు. వెలుగూ నీడా కలిసే సరిహద్దులో గీత ఎంత సన్నబడాలో ఆ గుంటలూ గట్లూ చూస్తూ నేర్చుకుని ఉంటాడని నా ఊహ. ఊహ మాత్రమే.

రైంస్ నుంచి వచ్చిన కుర్రాడు

నాంతేయ్ 1623లో రైంస్ పట్టణంలో పుట్టాడు. చదువుకున్నవాడు. తన తత్త్వశాస్త్ర థీసిస్‌కు అలంకార పత్రం తానే చెక్కుకున్నాడు. ఎన్‌గ్రేవింగ్ నేర్పిన నికోలా రెన్యెసోన్ చెల్లెల్ని పెళ్లాడి, 1647 ప్రాంతంలో ప్యారిస్ చేరాడు. అక్కడ గిరాకీ సంపాదించిన తీరు గురించి ఒక కథ చెప్పుకుంటారు. సోర్బోన్ విద్యార్థులు భోంచేసే చోటికి ఒక పోర్ట్రెయిట్ పట్టుకెళ్లి, ఈ బొమ్మలో ఉన్నాయన ఇక్కడున్నాడా, పేరు మరిచిపోయాను, ముఖం మాత్రం ఇదే అని అడిగాడట. అలాంటివాడు అక్కడ లేడు. బొమ్మ మాత్రం చేతులు మారింది, ఎంత తీసుకుంటావని ఒకరు, నాకూ ఒకటని ఇంకొకరు. నిజమో కాదో గాని, కథలోని కిటుకు చూడండి: చూపించింది ఎవరికీ తెలియని ముఖం, అయినా పోలిక కుదిరిందని అందరూ నమ్మారు.

1650లో ప్యారిస్‌లో ఉన్న ఇంగ్లీషు రచయిత జాన్ ఈవ్లిన్ నాంతేయ్ చేత తన పోర్ట్రెయిట్ చెక్కించుకున్నాడు. ఆ ఈవ్లినే 1662లో ఎన్‌గ్రేవింగ్ కళ మీద ‘స్కల్ప్‌తురా’ అనే పుస్తకం రాశాడు. అతని మిత్రుడు శామ్యూల్ పీప్స్ 1669లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నాంతేయ్ ప్రింట్లు చూసి మురిసిపోయిన సంగతి డైరీలో ఉంది. ఫ్రాన్స్‌తో అంత పొసగని ఇంగ్లండులో కూడా ఫ్రెంచి మంత్రుల ముఖాలు ముచ్చటగా చూసేవాళ్లన్నమాట.

నాంతేయ్ పద్ధతి ఇది. ముందు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తోలుకాగితం మీద నల్ల సీసంతోనో, కాగితం మీద పాస్టెల్‌తోనో ముఖం గీసుకునేవాడు. దాన్నిబట్టి రేకు చెక్కేవాడు. అలా చేసిన ప్రింట్ల కింద ‘అద్ వివుమ్’, అంటే ఎదుట మనిషిని చూసి చేసినది అని సగర్వంగా చెక్కుకునేవాడు. ఫ్లోరెన్స్ పాలకుడు మూడో కోసిమో శిక్షణ కోసం పంపిన డొమెనికో టెంపెస్టి, గురువుగారి పని తీరు గురించి రాసిపెట్టుకున్న నోట్సు మనకు మిగిలాయి. కూర్చున్నవాళ్లను మాటల్లో పెట్టి, ముఖం మీద ఉత్సాహం తెప్పించి, అది వాడిపోకముందే పట్టుకోవడం ఆయన విద్యలో భాగమని వాటిని బట్టి తెలుస్తుంది. నాంతేయ్ పద్యాలు కూడా కట్టేవాడు. విసుగెత్తిన మంత్రిగారిని నవ్వించడానికి అవీ పనికొచ్చి ఉంటాయి.

వారం వారం నగర విశేషాలను పద్యాల్లో రాసి పంచిన ఝాన్ లోరే పోర్ట్రెయిట్ (1658) దగ్గర కాసేపు ఆగాలి. లోరే మంత్రీ కాదు, మతాధికారీ కాదు. ముఖం గుండ్రన, సామాన్యుడి ముఖం. నాంతేయ్ అందులో దేన్నీ సర్దలేదు, పెద్దమనిషిని చేయాలని చూడలేదు. కళ్ల కింద చర్మం కాస్త జారిన చోట గాట్లు నిలువునా కాకుండా జారిన దిక్కునే పడ్డాయి. పెదవుల దగ్గర గీత అసలు లేదు. రెండు పెదవుల మధ్య నీడ మాత్రం ఉంది, అంచు అంటూ ఎక్కడా కట్టలేదు. మాట్లాడబోతున్నట్టు అనిపించేది అందువల్లే. గీత గీసి ఉంటే ఆ నోరు మూసుకుపోయేది.

ఈ నిర్ణయాలను నాంతేయ్ ఎన్నో ముఖాల మీద పరీక్షించాడు. ఆయన చెక్కినవి 200 పైచిలుకు, వాటిలో అత్యధికం పోర్ట్రెయిట్లే. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీని 11 సార్లు చెక్కాడు. చివరి ఏళ్లలో చేసిన కొన్ని తలలు నిలువెత్తు మనిషి తలంత ఉంటాయి. అంత పెద్ద పరిమాణంలో చుక్కల పద్ధతి నిలబడుతుందా అన్నది వేరే ప్రశ్న. నా మటుకు, ఆ పెద్ద తలల్లో రాజు కనిపించినంతగా మనిషి కనిపించడు. మంత్రి ఫూకే పోర్ట్రెయిట్ 1661 నాటిది. ఆ ఏడాది సెప్టెంబరులోనే రాజు అతణ్ని అరెస్టు చేయించాడు. మళ్లీ అతడు బయటికి రాలేదు. ప్రింటులో మాత్రం ఇంకా ఏమీ తెలియని మనిషిలా, తేలికైన కళ్లతో చూస్తుంటాడు.

1660: ఒక శాసనం, దానిలోని మెలిక

1660 మే 26న, లూయీ తన పెళ్లి కోసం స్పెయిన్ సరిహద్దులో సేన్-ఝాన్-ద-లూజ్‌లో మకాం వేసినప్పుడు, ఎన్‌గ్రేవర్లకు సంబంధించి ఒక శాసనం వెలువడింది. అంతకుముందు ప్యారిస్ ఎన్‌గ్రేవర్లనందరినీ ఒక శ్రేణిగా కట్టి, ప్రవేశ రుసుం, అధికార పరీక్ష వంటి నిబంధనల కిందికి తేవాలన్న ప్రయత్నం జరిగింది. శాసనం దాన్ని తోసిపుచ్చింది. ఎన్‌గ్రేవింగ్ చేతివృత్తుల్లో ఒకటి కాదు, ఊహాశక్తి మీద నడిచే స్వేచ్ఛా కళ, దాన్ని ప్రతిభకే తప్ప మరో చట్టానికి లోబరచకూడదు అన్నది దాని సారం. 1658 నుంచే రాజుగారి ఆస్థాన చిత్రకారుడూ ఎన్‌గ్రేవరూ అయిన నాంతేయ్ పలుకుబడి దీని వెనక ఉందని చరిత్రకారులు చెప్తూ వచ్చారు.

శాసనం ఎన్‌గ్రేవర్‌కు గౌరవం తెచ్చిపెట్టింది. ఏ వాదన మీద తెచ్చిపెట్టిందో చూడాలి. ఉలి పట్టడం చేతి పని అని అందరికీ తెలుసు, కంసాలీ, తుపాకులు చేసేవాడూ ఉలి పడతారు. కాబట్టి కళ ఊహలో ఉంది, రూపకల్పనలో ఉంది అని చెప్పాల్సివచ్చింది. ఎదుట మనిషిని చూసి తానే గీసి, తానే చెక్కే నాంతేయ్ లాంటివాడికి ఈ వాదన అతికినట్టు సరిపోతుంది. కానీ మరొకరి వర్ణచిత్రాన్ని రాగి మీదికి దించేవాడి మాటేమిటి? అప్పటి ఎన్‌గ్రేవర్లలో ఎక్కువమంది అలాంటివాళ్లే.

ఇక్కడే మెలిక. నాంతేయ్ పనిలో అన్నిటికంటే అందమైనది ఏదంటే, తరతరాలుగా ప్రింట్ల ప్రేమికులు చూపించేది ప్యారిస్ న్యాయసభ మొదటి అధ్యక్షుడు పొంపోన్ ద బెల్లియెవ్ర్ పోర్ట్రెయిట్ (1657). 19వ శతాబ్దంలో అమెరికన్ సెనేటర్ చార్లెస్ సమ్నర్ ఎన్‌గ్రేవింగ్ పోర్ట్రెయిట్ల మీద చిన్న పుస్తకం రాసినప్పుడు దానికే పెద్దపీట వేశాడు. అది ‘అద్ వివుమ్’ కాదు, షార్ల్ ల బ్రన్ చిత్రాన్నిబట్టి చెక్కింది. శాసనం మాట ప్రకారం చూస్తే అందులో నాంతేయ్ ప్రతిభ సగమే ఉండాలి. రేకు మాత్రం అలా చెప్పదు. ఆ ముఖంలోని మృదుత్వం ల బ్రన్ రంగుల్లోంచి దిగింది కాదు. ఏ గాటు ఎక్కడ చుక్కగా తెగిపోవాలో, ఏ చుక్క కాగితంలో కలిసిపోవాలో వేల సార్లు తీర్మానించుకున్న చేతిది. చిత్రకారుడు తెలుపు పూస్తాడు, ఎన్‌గ్రేవర్‌కు తెలుపు అంటే చెయ్యి పెట్టకుండా ఉండడం. ఉలి పనిలోనే ఊహ ఉందని 1660లో చెప్పగలిగిన వకీలు దొరకలేదు గాని, సాక్ష్యం మూడేళ్ల ముందే రేకు మీద ఉంది.

తల లేని గుర్రపురౌతు

ముఖం, మిగతా బొమ్మ రెండు వేరు పనులన్న సంగతి వర్క్‌షాపుల్లో అందరికీ తెలిసిందే. అండాకారపు చట్రం, వంశచిహ్నాలు, అక్షరాలు, వెనక గోడ సహాయకులు చెక్కేవాళ్లు, తల మాత్రం గురువుది. దీన్ని కాస్త వింతగా రుజువు చేసే రేకు ఒకటుంది. ఇంగ్లండులో పనిచేసిన ఫ్రెంచి ఎన్‌గ్రేవర్ పియెర్ లొంబార్, వాన్ డైక్ వేసిన ఆ దేశపు రాజు మొదటి చార్లెస్ చిత్రం ఆధారంగా గుర్రం మీద కూర్చున్న వీరుణ్ని చెక్కాడు. ఆ రేకు నుంచి తీసిన ప్రింట్లలో ఒక దశలో మనిషికి తలే లేదు. కవచం, గుర్రం, పక్కన పరిచారకుడు, అంతా సిద్ధంగా ఉంది, మెడ మీద తెల్లటి ఖాళీ. మరో దశలో అక్కడ క్రామ్‌వెల్ తల ఉంది. ఇంకో దశలో చార్లెస్ తల. ఒకరి తల నరికించిన పక్షం నాయకుడికీ, తల పోగొట్టుకున్న రాజుకూ ఒకటే మొండెం సరిపోయింది. రాజకీయ వ్యంగ్యం సంగతి అలా ఉంచితే, వ్యాపారి లెక్క స్పష్టంగా కనిపిస్తుంది: తలను గీకి, నునుపు చేసి, మళ్లీ చెక్కడం లాభసాటి, గుర్రాన్ని మళ్లీ చెక్కడం దండగ.

బట్ట గెలిచిన కాలం

నాంతేయ్ తర్వాతి తరంలో మొగ్గు క్రమంగా బట్టవైపుకు వాలింది. ఆంత్వాన్ మాసోన్ మొదట కవచాల మీద నగిషీలు చెక్కినవాడు. ఆ ఉక్కుచెయ్యి గియోమ్ ద బ్రిసాసియే పోర్ట్రెయిట్‌లో (1664) నెరిసిన జుట్టు దగ్గర విశ్వరూపం చూపిస్తుంది. ఆ ప్రింటుకు ‘నెరిసిన జుట్టు మనిషి’ అన్న పేరే స్థిరపడింది. అంటే చూసినవాళ్లకు మనిషికంటే జుట్టే గుర్తుండిపోయింది. ఆంట్‌వర్ప్ నుంచి వచ్చి 1677లో రాజ అకాడమీలో చేరిన జెరార్ ఎడెలింక్ ఇంకా సమతూకం తెలిసినవాడు. చిత్రకారుడు ఫిలిప్ ద షాంపేన్ స్వీయచిత్రాన్ని 1676లో ఆయన రాగి మీదికి తెచ్చిన తీరులో గీత ధీమాగానే సాగుతుంది, అయినా ఆ ముసలి ముఖంలోని అలసటను తొక్కేయదు. తర్వాత షార్ల్ పెర్రో తన శతాబ్దపు ప్రముఖుల జీవితాల సంపుటాలు (1696, 1700) తెచ్చినప్పుడు పోర్ట్రెయిట్లలో ఎక్కువ భాగం ఎడెలింక్ చేతి పనే. ఆ ప్రముఖుల్లో నాంతేయ్‌కూ చోటు దొరికింది.

ఇక పియెర్-ఆంబేర్ ద్రెవే 1723లో, తన 26వ ఏట, చిత్రకారుడు రిగో చిత్రాన్నిబట్టి చెక్కిన బిషప్ బొస్యుయే పోర్ట్రెయిట్. బరోక్ ఎన్‌గ్రేవింగ్‌కు శిఖరం ఇదేనని చెప్పేవాళ్లు చాలామంది. లేసు పోగు పోగునా కనిపిస్తుంది, పట్టు అంగీ మీద వెలుగు జారుతుంది, నేల మీద పుస్తకాల తోలు అట్టలకు కూడా వాటి బరువుంది. ఒక్కో వస్తువుకు ఒక్కో రకం గీత కనిపెట్టాడు. అబ్బురపడకుండా ఉండలేం. కానీ నిలువెల్లా విస్తరించిన ఆ వైభవంలో ముఖం వంతుకొచ్చిన జాగా చాలా తక్కువ. చూపు లేసు దగ్గర చిక్కుకుని ముఖందాకా వెళ్లడానికి ఆలస్యమవుతుంది. నాంతేయ్ బొమ్మల్లో దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది: ఛాతీ దగ్గర బొమ్మ ఆగిపోతుంది, చట్రం మూసుకుంటుంది, ముఖం తప్ప వెళ్లడానికి చోటు లేదు. ఇరుకు ఆయనకు మేలు చేసింది.

ఈలోగా గీతతో నిమిత్తం లేని మరో పద్ధతి పుట్టుకొచ్చింది. 1642లో లుడ్విగ్ ఫాన్ జీగెన్ హెస్సె-కాసెల్ పాలకురాలు అమీలియా ఎలిజబెత్ పోర్ట్రెయిట్‌తో లోకానికి చూపించిన మెజోటింట్ అది. రేకంతా గరుకు చేసి, వెలుగు కావాల్సినచోట నునుపు చేసుకుంటూ పోవడం. చెంప కోసం చుక్కలు పేర్చే అవసరం తీరిపోయింది. ఇంగ్లండులో తర్వాతి శతాబ్దపు పోర్ట్రెయిట్లు దాదాపు దాని సొంతమయ్యాయి.

ఇదే కాలంలో గోల్కొండలో వేసిన ముఖాలు కూడా ఐరోపా చేరుతున్నాయన్నది ఇక్కడ ఊరికే చెప్పే మాట కాదు. 1686 ప్రాంతంలో గోల్కొండ చిత్రకారులు వేసిన పాలకుల చిన్న పోర్ట్రెయిట్ల ఆల్బమ్ ఒకటి ఆమ్‌స్టర్‌డామ్ మేయరు నికొలాస్ విట్‌సెన్ చేతికి చేరింది. ఇప్పుడది ఆ నగరంలోని రైక్స్ మ్యూజియంలో ఉంది. ఇలాంటి భారతీయ చిత్రాల ఆధారంగా చెక్కిన మొగలు పాదుషాల బొమ్మలు ఫ్రాంస్వా వాలెంటైన్ డచ్చి గ్రంథంలో (1724–26) చోటుచేసుకున్నాయి. దక్కన్ చిత్రంలో ముఖం పక్కవాటున ఉంటుంది, సన్నని అంచుగీతే పోలికను మోస్తుంది, చెంప మీద నీడ ఉండదు. నీడ లేని చెంప బ్యూరిన్ చేతికి వస్తే అది ఊరుకోదు, అలవాటు కొద్దీ గుండ్రం చేసి నీడ వేస్తుంది. మనవాళ్లు అంచుతో చెప్పిన పోలికను నాంతేయ్ సంప్రదాయం అంచు చెరిపి చెప్పాలని చూసింది. ఈ రెంటినీ పక్కన పెట్టి చేయాల్సిన పరిశోధన వేరే ఉంది.

అరుగుదల

1667లో మంత్రి కోల్బెర్ పూనికతో రాజుగారి గ్రంథాలయం మిషెల్ ద మరోల్ అనే మఠాధిపతి దగ్గర 1,23,000 పైగా ప్రింట్లు కొన్నది. ప్యారిస్ జాతీయ గ్రంథాలయపు ప్రింట్ల విభాగానికి పునాది అదే. అంత పెద్ద సేకరణల్లో ఒకే పోర్ట్రెయిట్ రెండు మూడు ప్రతుల్లో కనిపించడం మామూలే. వాటిని వరసగా పెట్టి చూసే ఓపిక ఉన్నవాళ్లకు ఒక విషయం కంటపడుతుంది.

రాగి మెత్తని లోహం. ప్రతి ప్రింటుకూ సిరా రుద్దాలి, తుడవాలి, రోలర్ కింద నొక్కాలి. వందల ప్రతులు తీసేసరికి గాళ్ల అంచులు కుంగుతాయి. లోతైన గాళ్లు చాలాకాలం తట్టుకుంటాయి. లోతు లేనివి ముందు పోతాయి. రేకు మొత్తం మీద అన్నిటికంటే లోతు తక్కువ గాట్లు ఎక్కడుంటాయో మొదట్లోనే చూశాం. వెలుగు పడిన చెంప మీద, నుదుటి మీద, పెదవి అంచున. నాంతేయ్ 1678 డిసెంబరులో ప్యారిస్‌లో చనిపోయాక ఆయన రేకులు వ్యాపారుల చేతుల్లో తిరిగాయి. ఆలస్యంగా తీసిన ప్రతుల్లో చట్రం దిట్టంగా ఉంటుంది. లాటిన్ అక్షరాలు చదవడానికి ఏ ఇబ్బందీ ఉండదు. గోడ గీతలు బారులు తప్పవు, కాలరు కాలరులాగే ఉంటుంది. ముఖం దగ్గరికొచ్చేసరికి చుక్కలు లేవు, వాటి చోట బూడిదరంగు మరక. కొన్నిటిలో ఎవరో ఉలి తీసుకుని చెంపను మళ్లీ చెక్కారు. ఈసారి గీతలు ఎక్కడా ఆగకుండా కణత నుంచి గడ్డందాకా దిగాయి.